నాలుగు గంటల వేడి

మా వదిన కూర్చుని ఉండగా చూసినవాళ్ళు తక్కువ. పెళ్ళి ఫోటోలో కుర్చీలోనే ఉంది గానీ, అందులో కూడా ఇంకో క్షణంలో లేవబోతున్నట్టే ఉంటుంది. భోజనం నిలబడి చేస్తుంది. ఫోను వస్తే ఈ గోడ నుంచి ఆ గోడకి నడుస్తూ మాట్లాడుతుంది. అన్నయ్యకి కళ్ళ ఆపరేషన్ అయినప్పుడు మూడు రోజులు ఆస్పత్రిలో ఉంటే, ఆ మూడు రోజుల్లో వార్డులో కిర్రుమనే మంచం చక్రాలన్నీ విప్పి, తుడిచి, నూనె వేసి బిగించింది. ఇంటికి పంపించేటప్పుడు నర్సులు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, అన్నయ్య కోసం మాత్రం కాదు. వీధిలో అందరూ ఆవిణ్ణి కాలుగాలిన పిల్లి అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. ఆడపడుచుని, ఆ మాత్రం హక్కు నాకుంది.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత అడ్డు రాకుండా. నాకు నలభై నాలుగు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన ప్రతివాళ్ళకీ ఒక్కో కారణం చెప్పాను, అన్నీ అబద్ధాలే. అన్నా వదినలతో ఉంటాను, వదిన షాపులో పనిచేస్తాను. నా నోట్లో నువ్వుగింజ నానదని అన్నయ్య పొద్దున్నా సాయంత్రం అంటాడు. ఒక్కసారి నానింది. రెండు రోజులు నానింది.

షాపంటే ఇంటి వెనక రేకుల షెడ్డు. వదిన ఒకప్పుడు కుళాయిలకి మెరుగు పెట్టే ఫ్యాక్టరీలో పనిచేసేది. అది మూతపడ్డ రోజు మిగతావాళ్ళు ఏడుస్తూ ఇళ్ళకి పోతే, ఈవిడ రెండు తొట్లు, ఒక కరెంటు పెట్టె కొనేసి బండి మీద వేయించుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ అన్నయ్యతో "అలా చూస్తావేం, ఒక చెయ్యి వెయ్యి" అందట. అప్పట్నుంచి ఆయన చెయ్యి వేస్తూనే ఉన్నాడు, ఎక్కువగా టీ కెటిల్ మీద.

మాకు వచ్చేది పాత కార్ల సామాను. అరవై ఏళ్ళ నాటి కారుని మళ్ళీ కొత్తదానిలా నిలబెట్టే మేస్త్రీలు ఉంటారు. వాళ్ళు కారుని విప్పినప్పుడు ఊడిన బోల్టులు, నట్లు, స్ప్రింగులు, తలుపు కీళ్ళు, పేరు తెలియని బిళ్ళలు అన్నీ తుప్పుతో, నల్లటి గ్రీజుతో బిస్కెట్ డబ్బాల్లో పోసి పంపిస్తారు. మేము ఒక్కొక్కదాన్నీ ఫోటో తీసి, లెక్కపెట్టి, వేడి మందు నీళ్ళలో జిడ్డు వదలగొట్టి, గాజు పొడి జల్లే పెట్టెలో తుప్పు రాల్చి, రాగి తీగలకి కడతాం. తీగ కట్టడం నా పని. దండలు గుచ్చినట్టు గుచ్చుతాను. అక్కడి నుంచి వదిన రాజ్యం. కాసేపు ఆసిడ్, ఒక కడుగు, జింకు తొట్టిలో కరెంటు, మళ్ళీ కడుగు, చివరికి పసుపు మందులో ఒక ముంచు. తుప్పు ముద్దలా వచ్చినది బంగారు రంగుతో బయటికి వస్తుంది. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను, ఇప్పటికీ ఆ ముంచు దగ్గర నా పని ఆగిపోతుంది.

మామూలు బోల్టులకి అంతే. గట్టి ఇనుముతో చేసినవాటికి మాత్రం మధ్యలో ఇంకో పని ఉంది. జింకు తొట్టిలోంచి తీసిన గంటలోపు వాటిని ఓవెన్లో పెట్టాలి, నాలుగు గంటలు. ఆ తర్వాతే పసుపు. ఓవెన్ ఒక బేకరీవాళ్ళు వదిలించుకున్నది. ఎందుకు పెట్టాలో నేను పనిలో చేరిన మొదటి వారంలోనే వదిన చెప్పింది.

"ఆసిడ్లోనూ, కరెంటు తొట్టిలోనూ ఇనుము గాలి తాగుతుంది. మెత్తటిది తాగితే తేన్చి ఊరుకుంటుంది. గట్టిది అలా కాదు, కడుపులో దాచుకుంటుంది. వెంటనే వేడిలో పెట్టావనుకో, మొత్తం కక్కేస్తుంది. పెట్టలేదనుకో, పైకి బానే ఉంటుంది. బిగించిన రోజు ఏమీ కాదు. రెండో రోజో, పదో రోజో, బరువు మీద ఉండగా తల ఊడిపోతుంది."

"తర్వాత పెడితే?"

"ఆలస్యంగా పెట్టిన వేడిని నమ్మకూడదు. లోపల అప్పటికే పగులుంటే ఏ వేడీ అతకదు."

ఇంత బాగా చెప్పింది. ఇంత బాగా గుర్తుంది కూడా.

ఆ మంగళవారం వదిన అన్నయ్యని కళ్ళ డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్ళింది. వెళ్తూ వెళ్తూ మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఒకసారి గొడుగు కోసం, ఒకసారి గ్యాస్ కట్టేశామో లేదో చూడటానికి, ఒకసారి ఏమీ లేకుండానే. తొట్టిలో ఉన్నవి నాలుగే బోల్టులు. ఒక పళ్ళ డాక్టరుగారి కారువి. ఆయన తండ్రి నడిపిన కారది, ఆదివారం తల్లినీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని కొండ దారిలో తిప్పాలని ఆయన ముచ్చట. ఆ నాలుగు బోల్టులూ స్టీరింగుని ముందు చక్రాలకి కలిపే ఇనప చేతిని పట్టి ఉంచుతాయి. అవి ఊడితే మనం స్టీరింగు ఎటు తిప్పినా చక్రం దాని దారిన అది పోతుంది.

పన్నెండింటికి వాటిని తీసి కడిగి ఓవెన్లో పెట్టాను. పన్నెండున్నరకి మేస్త్రి ఫోన్ చేశాడు, ఆటో పంపించనా అని. వదిన లేదని చెప్పి ఉండాల్సింది. సాయంత్రం రమ్మని ఉండాల్సింది. చెప్పలేదు. నిజం చెప్పాలంటే తొందర ఆయనది కాదు, నాది. పద్నాలుగేళ్ళు తీగలు కట్టాను. ఒక్క బోల్టయినా మొదటి నుంచి చివరి దాకా నా చేత్తో పూర్తయి, దాన్ని చూసి ఎవరైనా బాగుందంటే వినాలని ఉంది. వదిన వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉండాలి. అరగంట వేడికీ నాలుగు గంటల వేడికీ పైకి ఏం తేడా తెలుస్తుందిలే అనుకున్నాను. ఓవెన్ తలుపు తీశాను, చల్లార్చాను, పసుపులో ముంచాను.

అబ్బ, ఎంత బాగా వచ్చాయో! కాగితంలో చుట్టి, ఆటోవాడికి ఇచ్చేముందు ఇంకోసారి విప్పి చూసుకున్నాను.

గురువారం పొద్దున ఫోటో వచ్చింది. మేస్త్రి కారు కింద దూరి తీసినది. నల్లటి ఇనుము మధ్య నాలుగు బంగారు తలలు. కింద రాశాడు: "అక్కా, ఈసారి రంగు అదిరింది. మీ చెయ్యి చెయ్యే." వదిన కళ్ళజోడు తెచ్చుకోవడానికి వెళ్తే నేనే పైకి చదివాను. నా పొగడ్తని నేనే చదివి వదినకి అప్పజెప్పాను. అంతకంటే అన్యాయం ఉంటుందా చెప్పండి.

వదిన ఫోటో చూసింది. పెద్దది చేసి చూసింది. నడవడం మానేసి చూసింది.

"నాలుగు గంటలూ పెట్టావా?"

"పెట్టాను వదినా."

ఆ ఒక్కసారే అడిగింది. ఫోను బల్ల మీద పెట్టి, తొట్టి అంచు తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. టీ తెచ్చిన అన్నయ్య చేతిలోంచి గ్లాసు అందుకుని, తాగకుండా గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ గ్లాసు పెట్టేసి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు అన్నయ్య.

"మేస్త్రి దగ్గరికి. నువ్వూ రా," అంది. రమ్మన్నది నన్ను.

దారి పొడుగునా ఆవిడ నాలుగడుగులు ముందు నడిచింది. వెనక నేను తేలుకుట్టిన దొంగలా నడిచాను. ఏమైనా అడుగుతుందేమోనని ఒక భయం, అడగట్లేదని ఇంకో భయం. మలుపు దగ్గర ఆగింది. నావైపు చూసింది. చెప్పు దులుపుకుని మళ్ళీ నడిచింది.

మేస్త్రి షెడ్డులో కారు నాలుగు దిమ్మల మీద ఉంది. మేస్త్రి మంచివాడే, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. వదినని చూడగానే నవ్వుతూ లేచాడు.

"ఆ నాలుగు బోల్టులూ విప్పెయ్యి," అంది వదిన.

నవ్వు అలాగే ఉంది, మాట అర్థం కాలేదన్నట్టు. "విప్పడమేంటక్కా? నిన్న సాయంత్రమే బిగించాను. చక్రాలు సరిచూశాను. అంతా అయిపోయింది."

"తప్పు నాది. వాటిని ఓవెన్లో పెట్టడం మరిచిపోయాను."

నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోట్లోంచి ఏమీ రాలేదు.

మేస్త్రి కాసేపు బతిమాలాడు, కాసేపు అరిచాడు. "డాక్టరుగారికే లేని భయం నీకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. వదిన కారు చుట్టూ తిరుగుతూనే ఉంది, ప్రదక్షిణ చేసినట్టు.

"కొత్త బోల్టులు దొరుకుతాయి. నల్లవి, ఇదే గట్టితనం. అవి వేసి నడపమను."

"నల్లవా? ఈ కారుకి అసలు బోల్టులే ఉండాలి. తలల మీద కంపెనీ గుర్తు ఉంది, చూసేవాళ్ళు అది చూస్తారు."

"గుర్తులు చూసేవాళ్ళు లోయలోకి దిగి చూడాల్సి వస్తుంది. విప్పు."

విప్పాడు. నాలుగూ శుభ్రంగా, ఒక్క గీత లేకుండా వచ్చాయి. వాటిని నా అరచేతిలో పోసి, నన్ను కాకుండా వదినని చూస్తూ అన్నాడు: "ఏమైంది వీటికి? బంగారంలా ఉన్నాయి. అక్కా, నువ్వు పెద్దదానివైపోయావు. మతిమరుపు వచ్చింది, దానికి తోడు అనుమానం. ఇకమీదట నా సామాను వేరే చోటికి పంపుకుంటాను."

వదిన సరేనంది. మెరుగు పనిలో ముప్పై ఏళ్ళుగా ఎవరూ ఆవిణ్ణి అనని మాట అది. దానికి సరేనని తిరిగి వచ్చేసింది.

ఇంటికి రాగానే మందపాటి ఇనప పలక ఒకటి తీసింది. నాలుగు బోల్టుల్నీ పలకలోని రంధ్రాల్లో దూర్చి, కింద నట్లు పెట్టి, పొడుగు రెంచితో కారులో ఎంత బిగుతు ఉంటుందో అంతా బిగించింది. పలకని షెడ్డులో నా బల్ల ఎదురుగా పెట్టింది. వేరే చోటు లేదా అంటే, లేదంది.

"ఎన్నాళ్ళు చూద్దాం?" అన్నాడు అన్నయ్య.

"విరిగేదాకా."

"విరక్కపోతే?"

"నిజం నిలకడ మీద తెలుస్తుంది అంటావుగా నువ్వు."

ఆ రెండు రోజులూ మా ఇల్లు ఇల్లులా లేదు. వదిన షెడ్డుకీ వంటింటికీ మధ్య గడియారం ముల్లులా తిరిగింది. తొట్లలో నీళ్ళు మార్చింది. మారిస్తే మళ్ళీ మార్చింది. డబ్బాల్లో నట్లన్నీ కొలతల ప్రకారం సర్ది, బోర్లించి, బరువుల ప్రకారం సర్దింది. నా బల్ల పక్కగా వెళ్ళినప్పుడల్లా ఒక్క క్షణం ఆగేది. నేను తల వంచుకుని తీగ కట్టేదాన్ని. ఆవిడ వెళ్ళిపోయేది. తీగ కడుతుంటే ఎదురుగా ఆ నాలుగు తలలు. ఎంత అందంగా ఉన్నాయంటే, నాకు వాటి మీద అసహ్యం పుట్టింది.

నా మనసులో ఏముందో ఉన్నదున్నట్టు చెప్తాను. అవి విరగకూడదని కోరుకున్నాను. విరక్కపోతే నేను తప్పు చెయ్యనట్టే కదా? వదినకి మతిమరుపని మేస్త్రి నమ్ముతాడు, ఆ పని ఊడుతుంది, నేను మాత్రం ఇనుము దృష్టిలో నిర్దోషిని. ఇంత నీచంగా ఆలోచించగలనని నాకు అంతకుముందు తెలియదు. శుక్రవారం మధ్యాహ్నం అన్నయ్య ఏదో మాటల్లో "గుమ్మడికాయల దొంగ" అన్నాడు, పక్కింటివాళ్ళ గురించి. నా చెయ్యి భుజం దాకా వెళ్ళి ఆగింది. నిజంగా వెళ్ళింది.

శుక్రవారం సాయంత్రం మేస్త్రి ఫోన్ చేశాడు. నేనే ఎత్తాను. "విరిగాయా?" అన్నాడు వెటకారంగా. లేదన్నాను. "మీ వదినకి చెప్పు, కొత్త నల్ల బోల్టులే వేశాను. డాక్టరుగారు మొహం మాడ్చుకున్నాడు," అన్నాడు. అది విని నేను గోడకి ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలాను. డాక్టరుగారి పిల్లలిద్దరూ ఎలా ఉంటారో నాకు తెలియదు. అయినా రెండు రోజులుగా వాళ్ళు నాకు కనిపిస్తూనే ఉన్నారు.

శనివారం పదకొండు గంటలు. అన్నయ్య టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. వదిన కిటికీ దగ్గర. నేను బల్ల దగ్గర ఒక తలుపు కీలుకి తీగ చుడుతున్నాను.

టప్ మంది.

పెద్ద చప్పుడేమీ కాదు. ఎండు కొమ్మ విరిచినట్టుంది, అంతే. బంగారు తల ఒకటి ఎగిరి, రేకు డబ్బా మూతకి తగిలి, దొర్లుకుంటూ వచ్చి నా చెప్పు దగ్గర ఆగింది. పలక మీద ఎవరి చెయ్యీ లేదు. గదిలో ఎవరూ కదల్లేదు.

దాన్ని తీశాను. పైన బంగారం. విరిగిన చోట బూడిద రంగు, ఇసుకలా గరగర. పైన పటారం లోన లొటారం అంటారే, దాన్ని వేళ్ళతో పట్టుకున్నాను.

"వదినా," అన్నాను. "మంగళవారం అరగంటకే తీసేశాను. నువ్వు అడిగితే అబద్ధం చెప్పాను."

"తెలుసు," అంది.

"తెలుసా?"

"నాలుగు గంటలు కాల్చినదానికి పసుపు అంత బాగా పట్టదు. ఎంత కడిగినా కొంచెం మసకగా, అంచుల్లో ఆకుపచ్చగా ఉంటుంది. ఫోటోలో అవి మరీ అందంగా ఉన్నాయి. చూడగానే తెలిసింది."

నాకు కోపం వచ్చింది. ఏడుపు రావలసిన చోట నాకెప్పుడూ ముందు కోపమే వస్తుంది. "మరి ఈ పలకెందుకు? ఈ బిగింపెందుకు? విరుగుతాయని తెలిసి రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరగడమెందుకు?"

"బోల్టుల కోసం నేనెందుకు తిరుగుతానే?" అంది వదిన. "అవి విరిగేవని నాకు తెలుసు. నువ్వు చెప్తావో చెప్పవో అదే తెలియలేదు."

అన్నయ్య టీ గ్లాసులు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు. నేను ఏడ్చాను. చిన్నప్పుడు ఏడ్చినట్టు, ముక్కు చీదుతూ ఏడ్చాను. వదిన ఓదార్చలేదు. కాసేపు చూసి, నా చేతిలోని తలని చూపించి, "దాన్ని మేస్త్రికి చూపించి రా. ఈసారి నేను రాను," అంది.

ఒక్కదాన్నే వెళ్ళాను. మేస్త్రి బోల్టు తలని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. "నా చేత్తో బిగించానే," అన్నాడు చాలా నెమ్మదిగా. అప్పుడు చెప్పాను, వదిన మరిచిపోలేదు, ఆ రోజు వదిన షాపులోనే లేదు, చేసింది నేను, ఆవిడ నా మీద పడాల్సింది తన మీద వేసుకుంది అని. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఒక్కటి కూడా అన్యాయమైనది కాదు. మొత్తం విన్నాను. అలసిపోయి ఆగాక బెంచీ కింద నుంచి ఒక బిస్కెట్ డబ్బా లాగాడు, ఇంకో కారువి.

"ఇందులో గట్టివి ఆరున్నాయి. ఎన్ని గంటలు?"

"నాలుగు."

"అక్కకి చెప్పు…" అని ఆగాడు. "ఏం లేదులే. నేనే వచ్చి చెప్పుకుంటాను."

డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి షెడ్డులో చప్పుడు లేదు. తొట్లు కట్టేసి ఉన్నాయి. నా బల్ల దగ్గర, నా కుర్చీలో, కాళ్ళు చాపుకుని, నోరు కొంచెం తెరుచుకుని వదిన నిద్రపోతోంది. పట్టపగలు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో తనూ ఇది చూడలేదని అన్నయ్య సైగ చేశాడు. తువ్వాలు తెచ్చి ఆవిడ కాళ్ళ మీద కప్పబోయి, లేస్తుందేమోనని భయపడి మానేశాడు.

ఓవెన్లో అంతకుముందే ఏవో పెట్టి ఉన్నాయి. తలుపు మీద వదిన సుద్దతో టైము రాసింది, పన్నెండుంపావు. కింద పేరు రాసే చోట ఎప్పుడూ తన గుర్తుగా ఒక గీత గీస్తుంది. ఈసారి అది ఖాళీగా వదిలేసింది. నేను సుద్ద తీసుకుని అక్కడ నా గీత గీశాను.

"కూర్చో, ఇంకా చాలా సేపుంది," అని అన్నయ్య గుసగుసగా స్టూలు జరిపాడు.

కూర్చోలేదు. నాలుగుంపావు దాకా ఆ తలుపు ముందు ఇటూ అటూ నడుస్తూనే ఉన్నాను.